బేకన్ కొనేముందు దేశం పేరు కాదు, పందిలో ఏ భాగమో చూడండి

ఒకే వంట వీడియో చూసి డల్లాస్‌లో ఒకరు, లెస్టర్‌లో ఇంకొకరు బేకన్, అంటే ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది మాంసం ముక్కలు, వేయించారనుకోండి. సన్నటి సెగ మీద పావుగంట అని వీడియోలో చెప్పారు, ఇద్దరూ అలాగే చేశారు. డల్లాస్ వాళ్ళకి కరకరలాడే ముక్కలొచ్చాయి, లెస్టర్ వాళ్ళకి ఎంత నమిలినా తెగని ఉప్పటి ఎండు ముక్కలొచ్చాయి. ఇందులో వండినవాళ్ళ తప్పేం లేదు. అమెరికాలో మామూలుగా బేకన్ అని అమ్మేది పంది పొట్ట భాగం, ఇంగ్లండ్‌లో మామూలుగా అమ్మేది నడుము భాగం. మొదటిదానిలో సగానికి దగ్గరగా కొవ్వే ఉంటుంది, రెండోదానిలో ఒక అంచున మాత్రమే ఉంటుంది. రెండింటినీ ఒకేలా వండితే ఒకటి పాడవడం ఖాయం.

అందుకే ఏ దేశం బేకన్ గొప్పది అన్న వాదన పక్కన పెట్టి మూడు సంగతులు చూడండి: ఏ భాగం, ఉప్పు ఎలా పట్టించారు, పొగ పెట్టారా లేదా. ప్యాకెట్ మీద ఎంత అందమైన పల్లెటూరి బొమ్మ ఉన్నా లోపల ఉన్నది ఈ మూడే. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, నా లెక్కలో చాలామంది తెలుగువాళ్ళు అన్నిటికీ ఒకే స్ట్రీకీ (పొట్ట భాగం బేకన్) ప్యాకెట్ కొని డబ్బు దండగ చేసుకుంటున్నారు. కూరల్లోకి, పప్పుల్లోకి దవడ ముక్క, కాలి ముక్క దానికన్నా చౌక, దానికన్నా రుచి.

ఏ భాగం ఎక్కడిది

పందిని నిలువుగా రెండు చేస్తే, వెన్నెముక పక్కన పొడుగ్గా ఉండే మెత్తటి కండ నడుము భాగం. బ్రిటన్ బ్యాక్ బేకన్, కెనడా పీమీల్ ఇక్కడివే. దాని కింద, పక్కటెముకల దగ్గర్నుంచి పొట్ట దాకా, కండా కొవ్వూ పొరలు పొరలుగా ఉంటుంది. అమెరికా స్ట్రీకీ, ఇటలీ పాన్‌చెట్టా ఇక్కడివి. దవడ, గొంతు కింద ఉండే గట్టి కొవ్వు భాగం నుంచి గ్వాంచాలే, అమెరికా దక్షిణాది జౌల్ బేకన్ వస్తాయి. మెడ వెనక, భుజం పైభాగం కాలర్. వెనక తొడ నుంచి వచ్చేవి హామ్, గామన్, ఇటలీ ఉత్తరాన ఆల్టో ఆడిజేలో చేసే స్పెక్. నడుమూ పొట్టా విడదీయకుండా ఒకే పొడుగాటి ముక్కగా కోస్తే అది మిడిల్ బేకన్, ఒక కొస మెత్తగా, ఒక కొస కొవ్వుగా ఉంటుంది. పిల్లలకో కొస, పెద్దలకో కొస అన్నట్టు ఇంట్లో పంచుకోవచ్చు.

ఉప్పు, నీళ్ళు, పొగ

తెలంగాణ, రాయలసీమ ఊళ్ళల్లో మాంసాన్ని పొడుగ్గా కోసి ఉప్పూ పసుపూ పట్టించి తాళ్ళ మీద ఆరేసి ఒట్టి తునకలు చేసుకున్న ఇళ్ళవాళ్ళకి బేకన్ సూత్రం వివరించి చెప్పక్కర్లేదు. ఉప్పు లోపలి తడిని బయటికి లాగుతుంది, తడి తగ్గిన మాంసం నిలవ ఉంటుంది, రుచి చిక్కబడుతుంది. పాత పద్ధతి బేకన్ కూడా అంతే, పొడి ఉప్పు రుద్ది రోజుల తరబడి ఉంచుతారు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా జరిగేది వేరు: వరసగా బిగించిన సూదులతో ఉప్పునీళ్ళు లోపలికి ఎక్కిస్తారు, రోజుల పని గంటల్లో అయిపోతుంది, బరువూ పెరుగుతుంది. అమెరికాలో మటుకు నియమం ఉంది, ఉప్పు పట్టించి పొగబెట్టాక బేకన్ బరువు పచ్చి మాంసం బరువుని మించకూడదు. బ్రిటన్‌లో నీళ్ళు కలిపిన బేకన్ కూడా దొరుకుతుంది, కాకపోతే ఎక్కువ కలిపితే పేరు పక్కనే ఆ సంగతి రాయాలి, కాబట్టి వెనక చిన్న అక్షరాలు కాదు, ముందు పేరే పూర్తిగా చదవండి.

తేడా పెనం మీద క్షణాల్లో తెలుస్తుంది. నీళ్ళు ఎక్కించిన ముక్క వేయగానే తెల్లటి నురగ కక్కుతుంది, ఆ నీళ్ళు ఇగిరేదాకా ముక్క వేగదు, ఉడుకుతుంది. చివరికి వేసినదానిలో చాలా భాగం మాయమై చిన్న ముక్క మిగులుతుంది. పొడి ఉప్పు బేకన్ అలా కాదు, వేసిన వెంటనే కొవ్వు చిటపటమంటుంది, కొంచెం ముడుచుకుంటుంది, అంతే. కిలో ధర చూసి నీళ్ళ బేకన్ చౌక అనుకుంటాం కానీ వేగాక మిగిలినదాన్ని లెక్కేస్తే తేడా పెద్దగా ఉండదు. ఇక్కడ ఒక రూపాయి ఎక్కువ పెట్టడమే మంచిది.

పొగ గురించి ఎక్కువ చెప్పను. అమెరికాలో హికరీ చెక్క పొగ ఘాటు, ఆపిల్ చెక్క పొగ తేలిక. గుడ్లతో తినడానికి ఆపిల్, చిక్కుడు గింజలూ పప్పుల్లోకి హికరీ. బ్రిటన్‌లో పొగ పెట్టనిది కూడా మామూలే, దాన్ని గ్రీన్ అంటారు, రంగు మాత్రం లేత గులాబీయే. పొగ వాసన ఇష్టంలేని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అది తీసుకోండి.

ఆ గులాబీ రంగు ఎక్కువగా ఉప్పుతో పాటు పట్టించే నైట్రైట్ అనే పదార్థం వల్ల వస్తుంది, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం పుట్టకుండా కాపాడేదీ అదే. అమెరికాలో అన్‌క్యూర్డ్, అంటే విడిగా నైట్రైట్ కలపలేదు, అని రాసి ఎక్కువ ధరకి అమ్మే ప్యాకెట్లలో చాలావాటిలో సెలరీ పొడి ఉంటుంది, దాన్నుంచి వచ్చేది కూడా నైట్రైటే. ఆరోగ్యం కోసం అని దానికి అదనంగా డబ్బు పెట్టకండి. ఆరోగ్యం గురించి నిజంగా ఆలోచిస్తే తినే పరిమాణం చూడాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. వారానికోసారి, రుచి కోసం, కొద్దిగా. నేను ఈ వ్యాసంలో చెప్పేదంతా అలా తినేవాళ్ళ కోసమే.

కరకరలాడాలంటే అమెరికా స్ట్రీకీ

ఇందులో పోటీ లేదు. కొవ్వు కరిగి బయటికొచ్చి, ఆ కొవ్వులోనే కండ వేగితేనే ఆ పెళుసుదనం వస్తుంది, అంత కొవ్వు నడుము భాగంలో లేదు. పెనం కాగాక వేయకండి, అంచులు మాడిపోయి మధ్యలో కొవ్వు పచ్చిగా మిగులుతుంది. చల్లటి పెనంలో పరిచి అప్పుడు స్టవ్ వెలిగించండి. నలుగురికి చేయాలంటే ట్రేలో కాగితం వేసి 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 15 నుంచి 20 నిమిషాలు పెట్టేయండి, స్టవ్ చుట్టూ నూనె చిట్లే బాధ ఉండదు.

కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. అమెరికాలో స్లైస్ చేసిన బేకన్ ప్యాకెట్లకి ఒక కిటికీ ఉంటుంది, లోపలి ముక్క ఎలా ఉందో కనపడాలని నియమం. ముందువైపు వరసగా పేర్చిన అంచులు ఎప్పుడూ అందంగానే ఉంటాయి, వాటిని నమ్మకండి. ఆ కిటికీలో కండ ఎర్రగా, కొవ్వు తెల్లగా, రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తే తీసుకోండి. ఒకవైపంతా తెల్లటి కొవ్వు దిమ్మలా ఉంటే పక్క ప్యాకెట్ చూడండి, అదే కంపెనీ, అదే ధర అయినా ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ బోలెడు తేడా ఉంటుంది.

బ్రెడ్ మధ్యలో పెట్టుకోవాలంటే బ్యాక్ బేకన్

బ్రిటన్, ఐర్లండ్‌లలో ముక్కని రాషర్ అంటారు. దీన్ని కరకరలాడించాలని చూడకండి. మధ్యస్తం సెగ మీద ఒక్కోవైపు రెండు మూడు నిమిషాలు, కొవ్వు అంచు మాత్రం బంగారు రంగుకి రావాలి, కండ మెత్తగానే ఉండాలి. వెన్న రాసిన తెల్ల బ్రెడ్, మధ్యలో రెండు రాషర్లు, కొంచెం బ్రౌన్ సాస్. బ్రిటన్ వాళ్ళు దీన్ని అంతగా ఎందుకు ఇష్టపడతారో ఒక చలికాలం పొద్దున తింటే అర్థమైపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ 1940 జనవరి 8న రేషన్ మొదలైనప్పుడు మొదటి మూడు సరుకుల్లో చక్కెర, వెన్నతో పాటు బేకన్ కూడా ఉంది, అంత నిత్యావసరం వాళ్ళకి.

విల్ట్‌షైర్ క్యూర్ అని కనిపిస్తే తీసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ ప్రాంతంలోని కాన్ అనే ఊళ్ళో హారిస్ కుటుంబం పేరు తెచ్చిన పద్ధతి ఇది. 19వ శతాబ్దం మధ్యలో వాళ్ళు మంచుతో చల్లబరిచిన గదులు కట్టాక వేసవిలో కూడా తక్కువ ఉప్పుతో బేకన్ చేయడం కుదిరింది. మాంసాన్ని ఉప్పునీళ్ళలో రోజుల తరబడి ముంచి ఉంచుతారు, అందుకే ఉప్పదనం తేలికగా, ముక్క మెత్తగా ఉంటుంది. స్కాట్లండ్‌లో ఎయిర్‌షైర్ రకం తోలూ ఎముకా తీసి, నడుమూ పొట్టా కలిపి చాపలా చుట్టి కోస్తారు, గుండ్రంగా వస్తుంది. గుండ్రటి బ్రెడ్ రోల్ లోకి భలే సరిపోతుంది, స్కాట్లండ్ వెళ్తే కసాయి షాపులో అడగండి.

ఐర్లండ్ దగ్గర ఒక సంగతి. బేకన్ అండ్ క్యాబేజీ అంటే రాషర్లు వేయించి క్యాబేజీలో వేయడం కాదు. పెద్ద దిమ్మ ముక్కని ఉడకబెట్టి, ఆ నీళ్ళలోనే క్యాబేజీ ఉడికిస్తారు. దానికి నడుము ముక్క కన్నా కాలర్ నయం, కండ మధ్యలో కొవ్వు గీతలుంటాయి కాబట్టి గంటన్నర ఉడికినా ఎండిపోదు, ధరా తక్కువ.

కెనడా

టొరంటో వాళ్ళ పీమీల్ పొగ పెట్టనిది, పచ్చిది. నడుము ముక్కని తియ్యటి ఉప్పునీళ్ళలో ఊరబెట్టి పైన మొక్కజొన్న పిండి దొర్లిస్తారు. ఒకప్పుడు ఎండు పసుపు బఠాణీల పిండి వాడేవాళ్ళు, ఇంగ్లండ్ నుంచి వలస వెళ్ళిన విలియం డేవీస్ అనే మాంసం వ్యాపారితో ముడిపెట్టి చెప్తారు దీన్ని. సెయింట్ లారెన్స్ మార్కెట్‌లో దీని శాండ్‌విచ్ తినకుండా టొరంటో నుంచి రాకండి. ఇంట్లో చేస్తే కొంచెం మందంగా కోసి, పిండి అంచు ఎర్రబడేదాకా వేయించండి, దిమ్మగా కాలిస్తే లోపల 63 డిగ్రీల సెల్సియస్ వచ్చాక తీసి మూడు నిమిషాలు వదిలేయండి.

అమెరికాలో కెనడియన్ బేకన్ అని అమ్మే గుండ్రటి బిళ్ళలు వేరే వస్తువు, ముందే వండి పొగబెట్టినవి. పిజ్జా మీదకి సరే. వాటికోసం మనసుపడి వెతుక్కోవాల్సినదేమీ లేదు.

దవడ ముక్క: గ్వాంచాలే, జౌల్

నన్నడిగితే వంటలో వాడటానికి పందిలో దీన్ని మించిన ముక్క లేదు. దవడ కొవ్వు పొట్ట కొవ్వుకన్నా గట్టిగా, చిక్కగా ఉంటుంది, కరిగేటప్పుడు తొందరపడదు, కరిగాక వంటకి వచ్చే రుచి స్ట్రీకీతో రాదు. రోమ్ చుట్టుపక్కల వంటల్లో కార్బొనారా, గ్రీచా అనే పాస్తాలకి, లాజియో ప్రాంతంలోని అమాత్రిచే ఊరి పేరుతో పిలిచే అమాత్రిచానా సాస్‌కి ఇదే ఆధారం. ఉప్పూ మిరియాలూ పట్టించి వారాల తరబడి ఆరబెడతారు.

వాడే పద్ధతి చెప్తాను. పైన మిరియాల పొర దట్టంగా ఉంటే కత్తితో గీకేయండి, తోలు తీసేయండి. చిటికెన వేలంత మందంలో పొడుగు ముక్కలు కోయండి, సన్నగా కోస్తే మాడిపోతాయి. చల్లటి పెనం, నూనె వద్దు, సన్న సెగ. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత కొవ్వు తెలుపు పోయి అద్దంలా అవుతుంది, ఆ తర్వాత అంచులు తేనె రంగుకి తిరుగుతాయి. పది పన్నెండు నిమిషాలకి పైన కరకర, లోపల మెత్తన. ముక్కలు తీసి పక్కన పెట్టేసి, పెనంలో మిగిలిన కొవ్వులో ఉడికిన పాస్తా, కొంచెం పాస్తా నీళ్ళు కలపండి. కార్బొనారా అయితే స్టవ్ ఆపేశాకే గుడ్డు సొన, పెకొరీనో చీజ్, మిరియాలు. క్రీమ్ వేయకండి, ఆ చిక్కదనం గుడ్డూ చీజూ ఇస్తాయి.

గ్వాంచాలే దొరక్కపోతే పాన్‌చెట్టా, అది కూడా చుట్టగా కాకుండా పలకగా ఉన్న తేసా రకం, ఎందుకంటే దాన్ని మందంగా కోసుకోవచ్చు. పాన్‌చెట్టాకి మామూలుగా పొగ ఉండదు, అదే దాని సుగుణం. పొగబెట్టిన స్ట్రీకీతో కార్బొనారా చేస్తే పొగ వాసన మిగతావాటన్నిటినీ మింగేస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు గ్వాంచాలే ధర చూసి భయపడక్కర్లేదు, దక్షిణాది రాష్ట్రాల మామూలు కిరాణా షాపుల్లో జౌల్ బేకన్ స్ట్రీకీ కన్నా తక్కువకే దొరుకుతుంది. ఇది పొగబెట్టినది కాబట్టి ఇటలీ వంటకి కాదు, బొబ్బర్లకి. అక్కడ కొత్త సంవత్సరం రోజు జౌల్ వేసి వండిన బొబ్బర్లు, అన్నం, ఆకుకూర తినడం ఆనవాయితీ. ఆ బొబ్బర్లు పశ్చిమ ఆఫ్రికా నుంచి అక్కడికి చేరినవి, బానిసలుగా తీసుకొచ్చిన మనుషుల వంట అది. మన ఇంట్లో బొబ్బర్లు ఎలాగూ ఉంటాయి. జౌల్ ముక్కలు వేయించి, ఆ కొవ్వులోనే ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయ తాలింపు పెట్టి, నానబెట్టిన బొబ్బర్లు, నీళ్ళు పోసి ఉడికించండి. ఉప్పు చివరిదాకా వేయకండి, వేయాల్సిన అవసరమే రాకపోవచ్చు. చివర్లో కొంచెం చింతపండు పులుసు పిండితే కొవ్వు వెగటు తగ్గుతుంది.

ఇదే పనికి పొగబెట్టిన హాక్, అంటే మడమ పైన కాలి ముక్క, ఇంకా చౌక. తోలు, ఎముక, కండరాల బంధనాలు ఎక్కువ కాబట్టి రెండు మూడు గంటలు ఉడకాలి, ప్రెషర్ కుక్కర్‌లో 45 నిమిషాలు. పాయ ఇష్టపడేవాళ్ళకి దీని పులుసు నచ్చి తీరుతుంది. సూపర్‌మార్కెట్ మూలన ఎండ్స్ అండ్ పీసెస్ అని పడేసినట్టుండే ప్యాకెట్లు కూడా వదలకండి, స్లైసులు కోయగా మిగిలిన వంకర ముక్కలు అవి, క్యాబేజీ వేపుడులోకి, ఫ్రైడ్ రైస్‌లోకి ఆకారంతో పనేముంది?

అన్నం తినేవాళ్ళకి చైనా లాప్ యుక్

ఇది మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోని రకం, పట్టించుకోవాలి. కాంటనీస్ రకం పొట్ట ముక్కల్ని సోయా సాస్, చక్కెర, బియ్యం సారాయిలో ఊరబెట్టి చలిగాలికి ఆరబెడతారు, పొగ ఉండదు. హునాన్ రకానికి గట్టి పొగ ఉంటుంది. చైనా సరుకుల షాపుల్లో గాలి తీసేసిన ప్యాకెట్లలో దొరుకుతుంది, చేతికి గట్టిగా తగులుతుంది. పచ్చిగా తినేది కాదు. వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి కడిగి, అన్నం నీళ్ళు ఇంకిపోయే దశలో పైన పెట్టి మూత పెట్టేయండి. ఇరవై నిమిషాలకి కొవ్వు కిందికి దిగి అన్నం మెతుకు మెతుక్కీ పడుతుంది. అప్పుడు తీసి పల్చగా కోసి, అన్నం మీద పరిచి, పచ్చి ఉల్లికాడలు చల్లుకోండి.

ఇండియాలో ఉంటే నాగా పొగ పంది మాంసం దగ్గరి బంధువు. వంటింటి పొయ్యి పైన వేలాడదీసి రోజుల తరబడి పొగ పట్టిస్తారు, వెదురు చిగుళ్ళతోనో పులియబెట్టిన సోయా గింజల అక్హునితోనో వండుతారు. దాన్ని బేకన్‌లా పెనం మీద వేయించకండి, ముందు బాగా ఉడకాలి.

పంది తినని ఇళ్ళకి

టర్కీ బేకన్, బీఫ్ బేకన్ రెండింట్లో నా ఓటు బీఫ్‌కి. టర్కీ బేకన్ చాలావరకు మాంసాన్ని తరిగి పట్టీలుగా అచ్చు వేసింది, కొవ్వు తక్కువ కాబట్టి పెనంలో ఒక చెంచా నూనె వేస్తే తప్ప వేగదు. తక్కువ కొవ్వు తినాలని డాక్టర్ చెప్పినవాళ్ళకి సరే, కానీ ఉప్పు మాత్రం అందులోనూ తక్కువేం కాదు. బీఫ్ బేకన్ ఆవు పొట్ట వైపు కొవ్వు పొరల భాగం నుంచి కోస్తారు, కాబట్టి నిజంగా కరకరలాడుతుంది. హలాల్ షాపుల్లో రెండూ దొరుకుతాయి.

ఏది కొన్నా ప్యాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లో వారం దాటనివ్వకండి. అంత తొందరగా అవ్వదనుకుంటే, తెరిచిన రోజే ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా కాగితం మధ్యలో పెట్టి చుట్టి ఫ్రీజర్‌లో పడేయండి, నెల లోపల వాడేసుకోండి. ఉప్పు ఎక్కువ కాబట్టి ఫ్రీజర్‌లో ఉన్నా కొవ్వు కనరు వాసన త్వరగా వస్తుంది.